మంగీలాల్ పెడచెయ్యి

మంగీలాల్ లోకంలో ఏ వస్తువునైనా ముందు పెడచేత్తోనే ముట్టుకుంటాడు. ఫ్రిజ్ అయినా, బోరు మోటారైనా, పక్కింటి గేదె అయినా, పెళ్ళికూతురి నెత్తయినా సరే. చెయ్యి తిరగేసి, వేళ్ళు కొంచెం వంచి, చేతి వెనకపక్కతో తాకీ తాకనట్టు తాకి, ఒక్క క్షణం ఆగి, "ఊఁ, ఏం లేదు" అంటాడు. అతను ఆ మాట అన్న తర్వాతే ఆ వస్తువు మనుషులు వాడుకోవడానికి పనికొచ్చినట్టు లెక్క.

చండ్రుగొండ చుట్టుపక్కల మోటార్లు చుట్టేది, ఇండ్లకు వైరింగు చేసేది అతనే. కరెంటు పని చేస్తూ కరెంటంటే అంత భయపడే మనిషి ఆ మండలంలో ఇంకొకడు లేడు. దాని పేరు కూడా పలకడు. వాళ్ళ తాత అడవికి పోయినప్పుడు పులిని పేరుపెట్టి పిలిచేవాడు కాదట, "పెద్దాయన" అనేవాడట. మంగీలాల్ కరెంటుని ఆ మాటే అంటాడు. "పెద్దాయన వచ్చిండా?" "పెద్దాయన ఇయ్యాల జర నీరసంగున్నడు." కొత్తవాళ్ళు వింటే ఊళ్ళోకి ఎవరో నాయకుడు వస్తున్నాడనుకుంటారు.

పెడచెయ్యి ఎందుకో ఆ ఊరి పిల్ల దీవెనకు అతనే ఒకసారి విడమరచి చెప్పాడు.

"పెద్దాయన పట్టుకుంటే ఏళ్ళు ముడుసుకుంటయి బిడ్డా. అరచెయ్యి పెట్టినవనుకో, ఆ ముడుసుకున్న ఏళ్ళు తీగెనే పట్టుకుంటయి. ఇడువమన్నా ఇడువయి. పెడచెయ్యి పెడితే చెయ్యి నీ దిక్కే తిరిగొస్తది."

"మరి గేదెనెందుకు మామా పెడచేత్తో ముట్టుడు?"

"దాన్ని కట్టేసిన కొయ్య ఇనుపది గద."

"పెళ్ళికూతురినో?"

"నెత్తి మీద సీరియల్ బల్బుల దండ ఏలాడుతుండె. ఎవడు కట్టిండో ఏమో."

ఆ పెళ్ళికూతురు మాత్రం తనకు జ్వరం ఉందేమో చూస్తున్నాడనుకుని, తాళి కట్టే ముందు మాత్ర వేసుకుందట.

ఊరంతా నవ్వుకునేది. నవ్వేవాళ్ళకు తెలిసినా గుర్తుండని సంగతి ఒకటుంది. చాలాకాలం కిందట, అడవి అంచున ఒక చేనులో, పందులు రాకుండా ఎవరో కట్టిన కరెంటు తీగ మంగీలాల్ ఎడ్ల జతలో ఒకదాన్ని అతని కళ్ళముందే పడగొట్టింది. పగ్గం అతని చేతిలోనే ఉంది. అది పొడి పగ్గం కాబట్టి ఇతను మిగిలాడు. ఆ ఏడే వ్యవసాయం మాని కరెంటు పనిలో దిగాడు. పులి పంజా తప్పించుకున్నవాడు పులి జాడలే చదువుతూ కూర్చున్నట్టు. ఎవరి దగ్గరా శిష్యరికం చెయ్యలేదు. కాలిపోయిన మోటార్లు తెచ్చుకుని, విప్పి, ఎందుకు కాలాయో చూసి నేర్చుకున్నాడు. అందుకే ఏ మిషను చూసినా అది ఎలా నడుస్తుందన్న ఆలోచన అతనికి తర్వాత వస్తుంది. ఎలా కాలిపోతుందన్నది ముందు వస్తుంది.

దీవెనకు ఈ పెడచెయ్యితో పరిచయం కోళ్ళ షెడ్డులో మొదలైంది. ఆ షెడ్డు ఆమె తండ్రి ఆంథోనిది. కోళ్ళకు తెగులొచ్చాక ఆయన ఆ వ్యాపారానికి దండం పెట్టి, మధిరలో బస్సు డ్రైవరుగా చేరాడు. దీవెన హైదరాబాదులో కంప్యూటర్ల కొలువు చేసి, ఆ కొలువు పోయాక ఊరికొచ్చి, ఖాళీ షెడ్డులో క్రిప్టో మైనింగ్ మిషన్లు పెట్టింది. చెప్పుల డబ్బా కన్నా కొంచెం పెద్దవి. ఒక్కోటీ తుఫానులా అరుస్తుంది. పగలూ రాత్రీ లెక్కలు చేస్తాయి. లెక్క తేల్చినవాళ్ళకు కంటికి కనపడని నాణెం దొరుకుతుంది. దాన్ని అమ్ముకుంటే కంటికి కనపడే డబ్బొస్తుంది. ఇంతకన్నా సులువుగా చెప్పడం ఆమెకు చేతకాలేదు. ఇలా చెప్పినా ఎవరికీ అర్థం కాలేదు.

అసలే అది బొగ్గు బావుల సీమ. "మా బిడ్డ మైనింగ్ చేస్తది" అని తల్లి సంపూర్ణ చెప్పుకుంటే, చుట్టాలు "ఎంత లోతు దిగినరు?" అని అడిగేవారు. సంపూర్ణకూ మిషన్ల మీద నమ్మకం లేదు. "మా ఆయన కోళ్ళు పెట్టిండు. అరిసినయి, గుడ్లు పెట్టినయి. నా బిడ్డ డబ్బాలు పెట్టింది. అరుస్తనే ఉన్నయి. గుడ్లు ఏడ పెడుతున్నయో ఆ ఏసయ్యకే ఎరుక" అనేది.

షెడ్డుకు వైరింగు చెయ్యడానికి వచ్చిన మంగీలాల్ ముందు మిషన్లకు పెడచెయ్యి తాకించాడు. తర్వాత విచారణ మొదలుపెట్టాడు.

"ఏం చేస్తయి బిడ్డా ఇవి?"

"లెక్కలు చేస్తయి మామా."

"ఎవరి లెక్కలు?"

"లోకం లెక్కలు."

"జీతముంటదా?"

"గెలిస్తే ఉంటది."

"అంటే లాటరీ."

"కాదు మామా."

"పేకాట."

"కాదంటున్న గద!"

"మరి పెద్దాయనను ఇంత తాగుతయేంది? రైసుమిల్లు తాగినట్టు తాగుతున్నయి. తాగినోడు ఎప్పుడన్నా ఊకుంటడా?" అని, పనికి దిగాడు. మేస్త్రీలు షెడ్డు కట్టడానికి పట్టినంత కాలం అతనికి వైర్లు లాగడానికి పట్టింది. గుంతలు తవ్వి, బొగ్గూ ఉప్పూ పోసి ఎర్తు పెట్టాడు. వరస వరసకూ విడిగా, తేడా వస్తే దానంతటదే పడిపోయే ట్రిప్పు స్విచ్చులు పెట్టాడు. తలుపు పక్కన మెయిన్ స్విచ్చు పెట్టి, దాని పిడికి ఎర్ర రంగు పులిమాడు. పెళ్ళిపందిట్లో కూడా కనపడేంత ఎరుపు.

"ఇంత రంగెందుకు మామా?"

"భయపడ్డోని కండ్లకు చిన్నయి కనపడయి బిడ్డా. పెద్దగ, ఎర్రగ ఉండాలె."

షెడ్డు ప్రారంభానికి ప్రార్థన చెయ్యడానికి కొత్తగా వచ్చిన పాస్టరుగారు చెయ్యి చాపితే, మంగీలాల్ తన చేతిని తిరగేసి ఆయన చేతికి ఆనించి, "ఊఁ, ఏం లేదు" అన్నాడు. ఇక్కడి మర్యాద ఇదేననుకుని పాస్టరుగారు ఆ తర్వాతి ఆదివారం సంఘమంతటికీ పెడచెయ్యి ఆనిస్తూ, "ఏం లేదు, ఏం లేదు" అంటూ గుడి వాకిట్లో నిలబడ్డాడు.

అలా నవ్వుతూ నడుస్తున్న షెడ్డు మీదికి ఒకనాడు పొద్దున్నే భయం వచ్చి వాలింది.

ఫోన్ తెరిస్తే మైనింగ్ చేసేవాళ్ళ వాట్సాప్ గుంపంతా ఒకటే గోల. ఢిల్లీలో చట్టం తయారవుతోందట. దేశమంతా మైనింగ్ బందట. ఆ చట్టం చూసినవాడు ఒక్కడూ లేడు, భయపడనివాడూ ఒక్కడు లేడు. ఒకచోట పెద్ద షెడ్డున్న కంపెనీవాళ్ళు మిషన్లన్నీ కంటైనర్లకెక్కించి వేరే దేశం పంపేస్తున్నారట. ఖమ్మంలో ఈ మిషన్ల బోర్డులు బాగుచేసే కుర్రాడు షట్టరు దించి సెల్‌ఫోన్ల దుకాణంలో చేరిపోయాడట. పాత మిషన్లు కొనే వ్యాపారి ఇప్పుడు పాత ఇనుములాగా తూకానికి అడుగుతున్నాడట. "మన దేశంలో ఆపినంత మాత్రాన లోకంలో ఆగదు. మన వాటా లెక్కలు ఇంకో దేశపు మిషన్లు చేసుకుంటాయి" అని ఒక పెద్దమనిషి ధైర్యం చెప్పాడు. అది ధైర్యమో శాపమో దీవెనకు తెలియలేదు. ఆ మిషన్లు ఆ లెక్క తప్ప ఇంకో పని చెయ్యవు. చట్టమే వస్తే అవి గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకోవడానికి తప్ప ఎందుకూ కొరగావు.

చదివీ చదివీ ఆమెకు అర్థమైంది ఒక్కటే. నిషేధం వస్తే పెద్దవాళ్ళు దేశం మారుస్తారు. చిన్నవాళ్ళు గది మారుస్తారు.

"అక్కా, దాచేద్దాం" అన్నాడు తమ్ముడు జోయెల్.

"దాచుడేంది? మనకు మీటరున్నది. బిల్లు కడుతున్నం. దొంగతనం చేస్తలేం గద."

"ఆ మాట చట్టం పట్టుకుని వచ్చినోళ్ళకు చెప్పు. ముందు మిషన్లు జీపుల ఏసుకుంటరు, తర్వాత నీ బిల్లు చదువుతరు."

ఆ సాయంత్రమే షెడ్డు ముందు తెల్ల జీపు ఆగింది. జోయెల్ గోడ దూకి పత్తి చేలో పడ్డాడు. దీవెన షెడ్డు తలుపు మూసి దానికి అడ్డంగా నిలబడింది. జీపులోంచి లావుపాటి మనిషి దిగి, షెడ్డును కిందికీ పైకీ చూశాడు.

"ఏం నడుస్తుందమ్మా ఈడ?"

"కో... కోళ్ళు సార్."

"ఇంత మోత చేస్తున్నయేంది?"

"పెద్ద కోళ్ళు సార్."

"మంచిగైంది. ఇంటికి చుట్టాలొచ్చిండ్రు. ఓ మంచి పుంజును చూసి పట్టియ్యి."

సంపూర్ణ ప్రాణంలా పెంచుకుంటున్న ఒక్కగానొక్క నాటుపుంజు ఆ విధంగా, ఇంకా రాని చట్టానికి తొలి బలి అయింది.

దాంతో దీవెన కూడా దాచడానికే ఒప్పుకుంది. దొంగపనులు రాత్రిపూట చేస్తారని పోలీసులకు తెలుసు కాబట్టి జోయెల్ మిట్టమధ్యాహ్నం పెట్టుకున్నాడు. ఊరు కునుకు తీసే వేళ ట్రాలీ ఆటోలో, మిరపకాయల బస్తాల కింద మిషన్లు ఇల్లిల్లూ చేరాయి. కొన్ని జోయెల్ స్నేహితుడు కోటేష్ మిరపకాయల గదిలోకి. కొన్ని తండాలో గోరి అవ్వ మంచం కిందికి. ఇంకొన్ని ఇంకొన్ని చోట్లకి. ఒక్కదాని చోటు మాత్రం జోయెల్ చెప్పలేదు.

"నీకు చెప్తే నువ్వు భయంతోని కక్కేస్తవ్. ఆ చోటు ఎవ్వడి ఊహకు అందదు, నమ్ము."

"పోనీ ఆపేసి పెడదాం రా. నడుపుడెందుకు?"

"చట్టం వచ్చేదాక ఎంతొస్తే గంత రానీ అక్కా. ఊకె పండుకోబెడితే అవేమన్నా పిల్లలు పెడతయా?"

మిషను మోత బయటికి రాకుండా పైన ఏదైనా కప్పమని అందరికీ చెప్పారు. దుప్పట్లు, బొంతలు, గొంగళ్ళు, ఎవరికి చేతికందింది వాళ్ళు కప్పారు. మిషన్‌కు గాలి ఆడాలని దీవెనకు తెలుసు. కానీ భయం ఆమె తెలివి మీద కూడా ఒక గొంగడి కప్పింది.

"మంగీలాల్ మామకు మాత్రం చెప్పొద్దు" అన్నాడు జోయెల్. "ఆయన ఉత్త పిరికోడు. ఎవడన్నా గట్టిగ చూస్తే అడగంది కూడ చెప్పేస్తడు."

రెండోనాడే మంగీలాల్ షెడ్డుకొచ్చాడు. మోత లేదు. అరల మీద మిషన్లు లేవు.

"డబ్బాలేవి బిడ్డా?"

"రిపేరుకు పంపిన మామా."

"అన్నీనా?"

"అన్నీ."

అతను ఖాళీ అరకు పెడచెయ్యి ఆనించాడు. ఎర్ర పిడి వంక చూశాడు. దీవెన మొహం వంక చూశాడు. "ఊఁ" అన్నాడు. "ఏం లేదు" అనలేదు. ఆ మాట అనకుండా అతను వెళ్ళిపోవడం ఆమె చూడటం అదే మొదటిసారి.

ఆ తర్వాత ఊళ్ళో రెండు వింతలు మొదలయ్యాయి. పొద్దునపూట, వానా గాలీ లేకుండానే, కాసేపు ఈ వీధికీ కాసేపు ఆ వీధికీ కరెంటు పోతోంది. మంగీలాల్ తన సంచి భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. తిరిగితే తిరిగాడు, ప్రతి ఇంటి గోడకూ పెడచెయ్యి ఆనిస్తున్నాడు. దగ్గర నిలబడి, గోడ వింటున్నట్టు మొహం పెట్టి, తర్వాతి గోడకు పోతున్నాడు. పక్కనే లైన్‌మన్ సీతయ్య.

దీవెన అది చూసింది. మిషను నడుస్తున్న గది గోడ వేడెక్కుతుంది. ఆ సంగతి తెలిసిన చెయ్యి ఈ మండలంలో ఒక్కటే ఉంది. అది ఇప్పుడు కరెంటు ఆఫీసు మనిషిని వెంటేసుకుని గోడలు తడుముతోంది.

ఆమె కోటేష్ దగ్గరికి పరుగెత్తింది.

"మామ మీ ఇంటికి వచ్చిండా?"

"లే... వచ్చిండు. ఊకెనే వచ్చిండు."

"సీతయ్య?"

"ఆయన... చెట్ల కొమ్మలు కొట్టనీకి వచ్చిండు."

"మీ వాకిట్ల చెట్టే లేదు గదరా!"

"అవ్ గద" అన్నాడు కోటేష్, కొత్తగా తెలుసుకున్నట్టు. తర్వాత మిరపకాయల ఘాటుకు దగ్గొచ్చినట్టు దగ్గుతూ లోపలికి పోయాడు.

ఇంక అనుమానం లేదు. అందరికీ తెలిసిపోయింది, తనకు ఎవరూ చెప్పడం లేదు. ఆ వారమంతా దీవెన రోడ్డు మీద ఏ బండి చప్పుడు విన్నా లేచి నిలబడింది. పాలవాడి బండికి ఒకసారి, ఐస్‌క్రీము బండికి ఒకసారి. తండ్రి చేతిలో పోయిన షెడ్డు తన చేతిలో రెండోసారి పోబోతోంది. అది కూడా, స్విచ్చు పిడికి ఎర్ర రంగు పులిమిన రోజు, చేతికంటిన రంగు కడుక్కోవడానికి తాను కిరసనాయిలు తెచ్చిచ్చిన మనిషి వల్ల.

ఆదివారం గుడి అయ్యాక తండా దారిలో అతను ఎదురయ్యాడు. ఆమె ఇంక ఆగలేదు. అడుగుతూ, అరుస్తూ, అతని వెంటే నడుస్తూ ఇంటి వాకిలి దాకా వచ్చేసింది.

"మామా, నువ్వు చేసేది మంచిగుందా?"

"ఏం చేసిన బిడ్డా?"

"ఊరందరి గోడలెందుకు పిసుకుతున్నవ్?"

"పిసుకుతలేను. తాకుతున్న."

"సీతయ్యతోని ఎందుకు తిరుగుతున్నవ్? ఎవరింట్ల ఏమున్నదో చూపెట్టనీకి కాదా? నీకు పెద్దాయనంటేనే భయమనుకున్న. చిన్న చిన్న సార్లన్నా గంతే భయమా?"

మంగీలాల్ వాకిట్లో మంచం మీద కూలబడ్డాడు. ఏం తోచనప్పుడు మనుషులు తల గోక్కుంటారు. అతను అలవాటుగా చెయ్యి వెనక్కి చాపి, తన ఇంటి గోడకు పెడచెయ్యి ఆనించాడు.

చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"సోమ్లీ" అన్నాడు మెల్లగా. "ఇంట్ల ఏమున్నది?"

"ఏముంటది? నేనున్న" అంది లోపల్నించి భార్య.

"నువ్వు గాక?"

"నేను గాక ఇంకోటి ఉండనిచ్చిన్నా ఈ ఇంట్ల?" ఆ వెంటనే ఉన్ని మాడిన వాసన గుప్పుమంది.

జోయెల్ చెప్పని చోటు అదే. పిరికివాడి ఇంట్లో ఎవరు వెతుకుతారు? సోమ్లి రోజూ మొగుడు బయటికి పోగానే మిషను పెట్టి, అతను వచ్చే వేళకు ఆపేసేది. దీవెన పిల్ల కష్టంలో ఉందంటే కాదనలేకపోయింది. ఇవాళ వాకిట్లో ఇద్దరి గొంతులూ ఒక్కసారిగా వినపడేసరికి, ఆపే తీరిక లేక, ఉన్న గొంగడి మీద ఇంకో గొంగడి కప్పింది.

మంగీలాల్ తలుపు తోసేసరికి మూలనుంచి పొగ లేస్తోంది. సోమ్లి గొంగడి అంచు అందుకోవడానికి వంగుతోంది.

"ముట్టకు!" తండా అంతా అదిరేలా అరిచాడు. "దీవెనా, మెయిన్!"

ఆ భయంలో దీవెనకు ఇల్లెక్కడో, గోడెక్కడో, ఏదీ కనపడలేదు. ఒక్కటి కనపడింది. పెద్దగా, ఎర్రగా, పెళ్ళిపందిట్లో కూడా కనపడేంత ఎర్రగా. ఆ మెయిన్ పిడిని రెండు చేతులా పట్టుకుని కిందికి గుంజింది. ఇంట్లో ఫ్యాను ఆగింది, మూలనున్న మోత ఆగింది.

అప్పుడు మంగీలాల్ చేసిన పని సోమ్లి ఇప్పటికీ ఎవరు అడిగినా, అడగకున్నా చెబుతుంది. చెయ్యి తిరగెయ్యలేదు. తాకి చూడలేదు. "ఊఁ" అనలేదు. కాలుతున్న రెండు గొంగళ్ళనూ రెండు అరచేతులా ఒడిసిపట్టి, వాకిట్లోకి విసిరేశాడు. తర్వాత తన చేతుల వంక చూసుకుని, మంట కన్నా ఆశ్చర్యం ఎక్కువైనట్టు, "అరె" అన్నాడు.

దవాఖానాలో రెండు చేతులకూ కట్లు కట్టారు. కొబ్బరిబోండాలు మోసుకొస్తున్నవాడిలా ఇంటికి తిరిగొచ్చాడు.

దీవెన ఆ మర్నాడే ట్రాక్టరు కట్టించింది. చట్టం వస్తే రానీ, ఏమైనా కానీ, ఇంకెవరి ఇంట్లోనూ పొగ లేవకూడదు. మొదట కోటేష్ ఇంటికి పోయింది. మిరపకాయల గది తలుపు తీసి, అక్కడే నిలబడిపోయింది.

మిషన్ల మీద దుప్పట్లు లేవు. కింద ఇటుకలు పేర్చి ఉన్నాయి. బస్తాలన్నీ దూరంగా జరిపి ఉన్నాయి. కిటికీ రెక్కలు ఊడదీసి ఉన్నాయి. మిషన్లకు విడిగా కొత్త వైరు, గోడకు కొత్త ట్రిప్పు స్విచ్చు, దాని పిడికి ఎర్ర రంగు.

"ఎవరు చేసిండ్రురా ఇది?"

కోటేష్ తల గోక్కున్నాడు. "మామనే అక్కా. గోడ ముట్టి చూసి లోపలికొచ్చిండు. నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండ తిట్టిండు. నీకు చెప్పొద్దన్నడు."

"ఎందుకు?"

"'ఆ పిల్ల ఇప్పటికే ఒక భయం మోస్తుంది. ఇంకోటి ఎత్తొద్దు' అన్నడు."

గోరి అవ్వ ఇంట్లోనూ అదే వైరు, అవే ఇటుకలు, అదే ఎరుపు. అవ్వ మాత్రం కోపంగా ఉంది. "మంచం కింద వెచ్చగుండె. నీ మామ వచ్చి డబ్బాను కిటికీ దగ్గరికి గుంజిండు. నా కాళ్ళు సల్లగైనయి. ఇంకోటి తెచ్చి పెట్టియ్యి."

ఏ ఇంటికి పోయినా అంతే. అతను ఊరి గోడలన్నీ తడిమింది ఎవరినో పట్టించడానికి కాదు. దాచిన నిప్పు ఎక్కడుందో వెతకడానికి.

ట్రాక్టరు వెనకాలే సైకిలు నడిపించుకుంటూ సీతయ్య వచ్చాడు. దీవెన మొహం చూసి తనే చెప్పాడు. "నీ మామకు పెద్దాయన ఉన్నప్పుడు తీగె ముట్టాలంటే ప్రాణం పోతది గద. నేను లైను తీస్తేనే పని చేస్తనన్నడు. అందుకే రోజూ పొద్దున నాతోని ఊరంత చీకటి చేయించిండు. ఊరోళ్ళు నన్ను తిడుతున్నరు."

"మిషన్లు చూసినవ్ గద సీతయ్యన్నా. ఆఫీసుల చెప్తవా?"

"నేను కొమ్మలు కొట్టనీకి పోయిన. గోడలెనక ఏమున్నదో నాకేమెరుక?" అన్నాడు సీతయ్య. "ఇంకోసారి ఇండ్లల్ల పెడితే మాత్రం చెప్త. షెడ్డుకు మీటరున్నది, అక్కడ నడుపుకో. చట్టం వస్తే కాయితం పట్టుకుని నేనే వస్త. వచ్చిందాక నీ పని నువ్వు చేస్కో."

మిషన్లు పట్టపగలు, ఏ బస్తా కిందా దాగకుండా, ఊరందరి ముందూ షెడ్డుకు తిరిగొచ్చాయి. సంపూర్ణ ఎదురొచ్చి, "వచ్చినయా? ఈసారన్నా కండ్లకు కనపడే గుడ్లు పెట్టుమను. నా పుంజు బాకీ ఉన్నయి" అంది.

ఆ చట్టం ఇంకా రాలేదు. వస్తుందనేవాళ్ళు వస్తుందనే అంటున్నారు. వాట్సాప్ గుంపులో ఇప్పటికీ వారానికోసారి ఎవరో ఒకరు మిషన్లు తూకానికి అమ్మేస్తున్నారు, ఎవరో ఒకరు కంటైనరెక్కిస్తున్నారు. దీవెనకు భయం పోలేదు. మిషన్లు షెడ్డుకు తిరిగొచ్చిన సాయంత్రం మంగీలాల్‌కు బత్తాయిలు పట్టుకుపోయినప్పుడు కూడా అదే అడిగింది.

"వస్తే ఏం చేద్దాం మామా?"

"వస్తే పట్టపగలు, అందరి ముందర, మెయిన్ ఆపుదాం. అది ఏడున్నదో మనకెరుక. ఇండ్లల్ల దూరితే ఏది ఆపాలె?" అన్నాడు మంగీలాల్. "నాకు నీ లెక్కలు ఎరుక లేదు బిడ్డా. భయం సంగతి ఎరుక. భయపడు, తప్పులేదు. కప్పిపెట్టకు."

దీవెన తల దించుకుంది. "నిన్ను గంత మాటన్న. చేతులు కూడ నా వల్లనే కాలినయి."

మంగీలాల్ కట్లున్న చేతులు ఆమె ముందుకు చాపి, తిరగేసి చూపించాడు. కాలినవి అరచేతులే. వెనకపక్క ఒక చుట్టు కట్టు తప్ప ఏమీ లేదు, అక్కడ సెగ కూడా తగల్లేదు.

"గిది చూడు. పనికొచ్చే పక్క మంచిగనే ఉన్నది."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే దీవెన అడిగింది.

"అది సరే గాని మామా. ఊరందరి గోడలు తాకినవ్, ఊరందరికీ స్విచ్చులు పెట్టినవ్. నీ సొంత ఇల్లు ఎందుకు చూసుకోలె?"

మంగీలాల్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఇంట్ల సోమ్లి ఉన్నది గద బిడ్డా. పెద్దాయన కూడ దానికి భయపడతడనుకున్న."

"ఏందీ?" అంది లోపల్నించి సోమ్లి.

"ఏం లేదు!" అన్నాడు మంగీలాల్.

"ఏం లేకుంటే లోపలికి రా. బువ్వ సల్లారుతుంది."

మంగీలాల్ మంచం మీంచి లేచాడు. గడప దాకా పోయి ఆగాడు. కట్టున్న చేతిని జాగ్రత్తగా తిరగేసి, పెడచెయ్యి తలుపుకు ఒకసారి ఆనించి చూసుకుని, అప్పుడు లోపలికి అడుగుపెట్టాడు.